ఇఫ్–ఎలిఫ్ వరుసా, మ్యాచ్–కేసా: కొత్తవారికి ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అరుగు మీద సెలవుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే పిల్లలకు షరతుల పాఠాన్ని నేను పిన్‌కోడ్‌తో మొదలుపెడతాను. మన ఊరి పిన్ 761200 అయితే, పక్కనే ఉన్న పాతపట్నానిది 532213 అని, నడుమ రాష్ట్రాల సరిహద్దు ఉన్నదని వారికి ముందే తెలుసు. మొదటి రెండంకెలు 51 నుంచి 53 లోపు ఉంటే ఆంధ్రప్రదేశ్ అని, 75 నుంచి 77 లోపు ఉంటే ఒడిశా అని చెప్పే ప్రోగ్రామును ఇఫ్–ఎలిఫ్ వరుసతోనూ (ఒక షరతు తప్పితే తరువాతి షరతును చూసే పద్ధతి) రాయవచ్చు, 2021 అక్టోబరులో పైథాన్ 3.10తో వచ్చిన మ్యాచ్–కేస్‌తోనూ (ఒకే విలువను ఒక్కో కేస్‌తో సరిపోల్చే పద్ధతి) రాయవచ్చు.

చూపుకు మ్యాచ్ ముచ్చటగా ఉంటుంది. 75 | 76 | 77 అని నడుమ నిలువు గీతలు పెడితే ఒక్క కేస్‌లో ఒడిశా పూర్తవుతుంది. అయినా నా ఓటు ముందుగా ఇఫ్‌కే. లెక్కల పుస్తకంలో రాసినట్టే "75 <= అంకె <= 77" అని పైథాన్‌లో రాయవచ్చు (సి భాషలో ఇలా రాస్తే తప్పని చెప్పదు గాని, ఆ షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది). అంతకు మించి, షరతుల వరుస ఎంత ముఖ్యమో ఇఫ్ నేర్పుతుంది. 35 మార్కులు దాటితే ఉత్తీర్ణత, 60 దాటితే ప్రథమ శ్రేణి అనుకుందాం. 35 షరతును పైన పెట్టినవాడికి 82 మార్కులు వచ్చినా ఉత్తీర్ణతే దక్కుతుంది. ఎలిఫ్ మరిచి రెండూ విడివిడి ఇఫ్‌లుగా రాస్తే రెండు ఫలితాలూ తెర మీదికి వస్తాయి. ఈ తప్పును ఒకసారి స్వయంగా చేసిన పిల్లవాడు మళ్ళీ మరవడు. ఇదే లెక్కను మ్యాచ్‌తో చేయాలంటే ప్రతి కేస్ పక్కనా మళ్ళీ ఇఫ్ తగిలించవలసిందే.

మ్యాచ్‌లో కొత్తవారిని తికమకపెట్టే చిక్కు మరొకటి ఉంది. పైన "ఒడిశా = 76" అని పెట్టుకొని, కింద "కేస్ ఒడిశా" అని రాస్తే పైథాన్ ఆ రెంటినీ పోల్చదు; వచ్చిన విలువను ఆ పేరులో వేసుకొని సరేనంటుంది, కనుక 53 కూడా ఒడిశా అయిపోతుంది. దాని తరువాత మరో కేస్ ఉంటే సింటాక్స్ ఎర్రర్ (రాసిన తీరు తప్పనే సందేశం) వస్తుంది గాని, అదే చివరిదైతే మారు మాట్లాడదు.

పాత పైథాన్ 3.8 ఉన్న కంప్యూటరులో మ్యాచ్ ఎలాగూ నడవదు. అందుకే దాన్ని మూడో వారానికి ఉంచుతాను. ఒడియాకు 1, తెలుగుకు 2, హిందీకి 3 నొక్కితే ఆ భాషలో పలకరించే ప్రోగ్రాము రాయించేటప్పుడు మ్యాచ్ ముందు ఇఫ్ వెలవెలబోతుంది.