బాల్కనీ చెక్క నేల: బాగుచేయించడమా, మార్చేయడమా?

బాల్కనీలో ముచ్చటపడి వేయించుకున్న చెక్క నేల ఆరేడేళ్లు తిరిగేసరికి బూడిదరంగుకు మారుతుంది. పేళ్లు లేచి పిల్లల పాదాలకు గుచ్చుకుంటాయి. ఒకటి రెండు పలకలు కాలు వేస్తే కిందికి ఊగుతాయి. అప్పుడు అందరిదీ ఒకటే ప్రశ్న: ఉన్నదాన్ని బాగుచేయించుకోవాలా, పీకేసి కొత్తది వేయించుకోవాలా? మా అపార్ట్‌మెంట్‌లోనే ఈ ఏడాది నలుగురు అడిగారు. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో, పడమటి ఎండకు ఎదురుగా ఉన్న మా బాల్కనీకి మొన్న ఫిబ్రవరిలోనే ఈ పని చేయించాను కాబట్టి, నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా రంగు సంగతి. బూడిదరంగుకు తిరిగిందని చెక్కను పారేయకండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చెక్క పైపొరలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం విరిగిపోతుంది, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన పీచు అలా బూడిదరంగులో కనబడుతుంది. మార్పంతా పైపైనే. మా వడ్రంగి చిత్రిక రెండుసార్లు నడిపేసరికి కింద తేనెరంగు టేకు బయటపడింది, కొత్తలో వచ్చిన ఆ వాసనతో సహా.

అసలు పరీక్ష స్క్రూడ్రైవర్‌తో చేయాలి. పలక కొసల దగ్గర, స్క్రూల చుట్టూ, గోడకు ఆనుకున్న చోట మొనతో గట్టిగా నొక్కండి. చెక్క బాగుంటే గీత పడుతుందే తప్ప మొన దిగదు. పుచ్చితే ముగ్గిన సీతాఫలంలో దిగినట్టు దిగిపోతుంది. ఇలా పుచ్చినవి నాలుగింట ఒక వంతులోపే ఉంటే వాటిని మార్చి మిగతావి ఉంచుకోవచ్చు. సగానికి మించితే బాగుచేయించే ఆలోచన మానుకోవడమే మంచిది.

అయితే నన్నడిగిన నలుగురూ పైన కనబడే పలకల గురించే అడిగారు. కింద వాటిని మోసే బద్దెల గురించి ఒక్కరూ అడగలేదు. తేల్చాల్సింది అక్కడే. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం దాన్ని కుళ్లబెట్టే బూజు పెరగదు. పైనుంచి పడే వాన ఎండకు, గాలికి ఆరిపోతుంది. పలకల కింద చీకట్లో నిలిచిన నీరు మాత్రం రోజుల తరబడి ఆరదు.

మా బాల్కనీ 12 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. స్లాబు వాలు పొడవునా, మూలన నీళ్లు బయటికి పోయే గొట్టం వైపుకు ఉంది. పలకలు పొడవుగా పరిచారు కాబట్టి కింది బద్దెలు అడ్డంగా పడ్డాయి. అంటే నీరు వెళ్లే దారికి అడ్డంగా. ఎనిమిదేళ్ల తర్వాత పలకలు విప్పి చూస్తే ఒక్కో బద్దె ఒక్కో మడిగట్టులా ఉంది. గట్టుకూ గట్టుకూ మధ్య నల్లటి బురద, కుళ్లిన ఆకులు, పావురాల ఈకలు. చివరి వాన కురిసి మూడు నెలలైనా, గొట్టం పక్కనున్న మడిలో బురద వేలికి తడిగా అంటింది. బద్దెల్లో ఆరింటిని చేత్తో తుంచగలిగాం. పైనున్న 14 పలకల్లో మాత్రం చెడిపోయినవి మూడే, అవీ ఆ మూల కొసలే.

ఇంకో నష్టం అంతకన్నా పెద్దది. అప్పట్లో వేసినతను బద్దెలను స్లాబులోకి రంధ్రాలు చేసి బిగించాడు. నీరు దిగకుండా స్లాబుపై వేసిన పొర ఆ రంధ్రాల దగ్గరల్లా తెగింది. కింది ఫ్లాటువాళ్లు వచ్చి తమ పైకప్పు చెమ్మగిల్లిందని చూపించేదాకా మాకు తెలియనే తెలియదు. కొత్తగా ఏ చెక్క వేయించుకున్నా సరే, స్లాబుకు రంధ్రం పెట్టనివ్వకండి. బద్దెలకు పలకలను బిగిస్తే చాలు, ఆ బరువుకు నేల కదలదు. విప్పిన సమయంలోనే గొట్టం మూసి, రెండంగుళాల నీరు నిలిపి, 24 గంటలకు తగ్గకుండా ఉంచి కింది ఇంటివాళ్లను చూడమనండి. చెమ్మ కనబడితే ముందు ఆ పని, తర్వాతే చెక్క.

ఇక ఏది మేలు అన్నది. కొత్త టేకు వేయించుకోవడం తప్పు కాదు, డబ్బుంటే హాయిగా వేయించుకోవచ్చు. కానీ ఇప్పుడు దొరికేదాంట్లో చాలామటుకు తోటల్లో పెంచి తొందరగా కొట్టిన చెట్ల చెక్క. నడుమ ఉండే ముదురు చెక్క, అంటే చేవ, తక్కువ, చుట్టూ ఉండే తెల్లటి లేత చెక్క ఎక్కువ. చెదలను, బూజును ఎదిరించే గుణమంతా చేవలోనే ఉంటుంది. ఆ తెల్ల అంచుకు టేకు అన్న పేరు తప్ప టేకు బలం లేదు. బల్లార్షా టేకు అన్నా బర్మా టేకు అన్నా పేరు విని కొనకండి, పలక కొసలు తిప్పి చూసి కొనండి. మా పాత పలకలైతే ఎనిమిది వానాకాలాలు తట్టుకుని నిలిచాయి. వాటికంటే నమ్మకమైన చెక్క ఏ టింబర్ డిపోలో దొరుకుతుంది? అందుకే నేను పలకలు ఉంచుకుని బద్దెలు మార్చే వైపే మొగ్గుతాను.

డబ్ల్యూపీసీ గురించి చాలామంది అడుగుతారు. చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసే ఈ పలకలకు ఏటా నూనె పట్టించక్కర్లేదు, చెదల బెడద లేదు. ఉత్తరం వైపో తూర్పు వైపో బాల్కనీ ఉండి, చూసుకునే తీరిక లేనివారికి మంచిదే. పడమటి బాల్కనీలో మాత్రం మే నెల మధ్యాహ్నం దానిపై వట్టి కాళ్లతో నిలబడలేం. వేడికి పొడవునా సాగుతుంది కూడా, కొసల దగ్గర ఖాళీ వదలకపోతే పైకి లేస్తుంది. పైపొర గీసుకుపోతే చిత్రిక పట్టి కొత్తగా చేసుకునే వీలు లేదు. దాని కిందా బద్దెలే ఉంటాయి, నీటి సమస్య అలాగే ఉంటుంది. 

ఒకదానికొకటి తగిలించే అడుగు చదరం చెక్క టైల్స్ అద్దె ఇంటికి సరిపోతాయి, వెళ్లేటప్పుడు పట్టుకుపోవచ్చు. గచ్చు మీద జారని విట్రిఫైడ్ టైల్స్ పరిస్తే బెంగే లేదు గాని చెక్క మీద కూర్చున్న సుఖం రాదు. ప్లాస్టిక్ గడ్డి వద్దు, తడిని పట్టుకుని ఉంటుంది. ఏది వేసినా పాతదానిపైన మరో వరుస పరచకండి. నేల ఎత్తు పెరిగినంత మేరా రెయిలింగ్ పొట్టిదవుతుంది. పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం.

మేం చేయించింది ఇది. బద్దెల స్థానంలో పది అల్యూమినియం గొట్టాలు, 16 అంగుళాలకొకటి. వాటి కింద అక్కడక్కడ రబ్బరు ముక్కలు పెట్టి స్లాబుకు అర అంగుళం పైకి లేపాం, ఇప్పుడు నీరు కిందనుంచి నేరుగా మూలనున్న నీళ్ల గొట్టానికి పోతుంది. పదకొండు పాత పలకలకు చిత్రిక పట్టించాం, మూడు కొత్తవి కలిపాం. రంగు తేడా మొదట్లో కొట్టొచ్చినట్టు కనిపించింది, మూడో నెలకే తగ్గింది. పలకకూ పలకకూ మధ్య పావు అంగుళం సందు. స్క్రూలు మొత్తం 280, అన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్. ఇనుపవి వాడితే టేకులో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి చుట్టూ నల్లటి మరకలు పడతాయి. విశాఖపట్నం, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో 304 రకం కాకుండా 316 రకం అడిగి తీసుకోండి.

పైన వార్నిష్ వేయించకండి. అది పొరలా నిలిచి, ఎండకు పగిలి, పగులులోంచి నీరు దిగి పెచ్చులూడుతుంది. చెక్కలోకి ఇంకే నూనె కావాలి. అవిసె నూనె పలచగా రెండు పూతలు పట్టించి, ఇంకనిది గుడ్డతో తుడిచేయాలి. ఆ గుడ్డ విషయంలో చాలా జాగ్రత్త. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే దానంతటదే అంటుకోవచ్చు. నీళ్లలో ముంచి పెట్టండి, లేదా ఆరుబయట విడదీసి ఆరేయండి. ఈ పనికి హైదరాబాద్‌లో ఫిబ్రవరి, మార్చి అనువైన నెలలు. వానలు ఆగగానే చేస్తే చెక్కలో తేమ ఉంటుంది, నూనె ఇంకదు.

వడ్రంగి వెళ్లిపోయే ముందు ఒక్క పని అడిగి చేయించుకోండి. నీళ్ల గొట్టం పైనున్న పలకను రెండు ముక్కలుగా కోయించి, గొట్టం వైపు ముక్కను స్క్రూలు లేకుండా వదిలేయమనండి. జూన్ మొదటి వారంలో ఆ ముక్క ఎత్తి, కింద చేరిన ఆకులూ ఈకలూ తీసి, చెంబెడు నీళ్లు పోసి దిగుతున్నాయో లేదో చూస్తే చాలు. మొన్న మా ఇంట్లో పది నిమిషాలు పట్టింది, గుప్పెడు ఈకలు వచ్చాయి, కింద స్లాబు పొడిగా ఉంది.