బజ్‌కాక్స్ లైవ్: షెల్లీ ఉన్నప్పుడు, షెల్లీ పోయాక

ఇంగ్లండ్‌కి వచ్చాక నేను మళ్లీ మళ్లీ టికెట్ కొనుక్కుని వెళ్లిన బ్యాండ్ ఒక్కటే, మాంచెస్టర్ పంక్ రాక్ బ్యాండ్ బజ్‌కాక్స్. నేను మొదటిసారి చూసేనాటికే గాయకుడు పీట్ షెల్లీకి, గిటారిస్ట్ స్టీవ్ డిగిల్‌కి యాభై దాటాయి. పంక్ అంటే కుర్రకారు కోపం కదా, ఈ వయసులో ఏం వాయిస్తారులే అనుకునేవాళ్లు ఒక్కసారి వెళ్లి ముందు వరసలో నిలబడాల్సిందే. పాటకీ పాటకీ మధ్య ఊపిరి తీసుకోనివ్వరు.

1976లో మాంచెస్టర్‌లో లండన్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్‌ని రప్పించి షో పెట్టించింది షెల్లీ, బజ్‌కాక్స్ తొలి గాయకుడు హోవర్డ్ డివోటోలే. జూన్‌లో మొదటి షో అయింది, జూలైలో రెండోదానికి వీళ్లూ స్టేజీ ఎక్కారు. 1977 జనవరిలో అప్పు చేసి సొంతంగా 'స్పైరల్ స్క్రాచ్' రికార్డు వేసుకున్నారు. అందులో 'బోర్డమ్' అనే పాట ఉంది. దాని గిటార్ సోలో అంతా దాదాపు రెండే స్వరాలు. షెల్లీ ఆ రెండింటినే తిప్పి తిప్పి వాయిస్తుంటే జనం నోటితో అందుకునేవారు.

ఆ జనాన్ని చూడటానికైనా వెళ్లొచ్చు. 1979 టూర్ చూసిన పెద్దాయన ఒకసారి నా పక్కన నిలబడ్డారు. ఆ టూర్‌లో వీళ్లకి ముందు వాయించింది తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న జాయ్ డివిజన్ బ్యాండ్. వాళ్ల గురించి ఆత్రంగా అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసి, షెల్లీ గొంతు ఆ రోజుల్లో ఎంత పైకి వెళ్లేదో చెబుతూ ఉండిపోయారు!

నిజమే, ఆ సన్నటి గొంతు వయసుతో కాస్త దిగింది. కొన్ని హాళ్లలో గిటార్ల హోరుకి మాటలే వినపడేవి కావు. కానీ 1978 నాటి 'ఎవర్ ఫాలెన్ ఇన్ లవ్' మొదలైతే అవేవీ గుర్తుండవు. ప్రేమించకూడని మనిషిని ప్రేమించిన బాధ అది. ఆ మనిషి ఆడో మగో పాటలో ఎక్కడా ఉండదు, షెల్లీ కావాలనే అలా రాశారు. నా ముందు చేతులు పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల పక్కన నెరిసిన జుట్టు దంపతులు, అందరూ గొంతు చించుకుని పాడారు. కోరస్‌లో షెల్లీ గొంతు మాకు వినపడనే లేదు.

2018 డిసెంబర్ 6న ఎస్టోనియాలో ఆయన గుండెపోటుతో పోయారు. అప్పటికే ఖాయమైన రాయల్ ఆల్బర్ట్ హాల్ షో 2019 జూన్ 21న ఆయన స్మారక కచేరీ అయింది. డేవ్ వేనియన్, పాలీన్ మరే లాంటి ఆ తరం గాయకులు వచ్చి ఆయన పాటలు పాడారు.

ఇప్పుడు గాయకుడు డిగిలే. 'హార్మనీ ఇన్ మై హెడ్' మొదటినుంచీ ఆయనదే, ఈనాటికీ అదిరిపోతుంది. షెల్లీ ప్రేమ పాటలు మాత్రం ఆ గరుకు గొంతులో వేరేగా వినిపిస్తాయి. అది నచ్చక రావడం మానేసిన పాత అభిమానులు నాకు తెలుసు. వాళ్లని తప్పుపట్టను. కానీ 2022లో వచ్చిన 'సోనిక్స్ ఇన్ ద సోల్' ఆల్బమ్ పాటలు ఆయన పాడుతుంటే, ఈ బ్యాండ్ ఆగిపోనందుకు నాకు సంతోషంగానే ఉంటుంది.

కొత్తగా వెళ్లేవాళ్లు సౌండ్ సరిచేసే మిక్సింగ్ డెస్క్ దగ్గర నిలబడితే మాటలు బాగా వినపడతాయి. ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి. నేనైతే తోపులాట ఉన్నా ముందుకే వెళ్తాను.