బీఎస్‌ఎఫ్ (బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ) గుడ్లు కొనే కోళ్ల రైతులకు హెచ్చరిక: "మేలు జాతి" అన్న మాటకే డబ్బు కట్టకండి

నాటుకోళ్ల గ్రూపుల్లో "మేలు జాతి బీఎస్‌ఎఫ్ గుడ్లు, ఏ చెత్త వేసినా లావుపాటి పురుగు ఖాయం" అని రోజూ ప్రకటనలు పెట్టే ఆ అమ్మకందారు ఎవరో మిర్యాలగూడ, దేవరకొండ వైపు కోళ్లు పెంచేవారికి నేను చెప్పనక్కర్లేదు. సోయా చెక్క ధర మోయలేక, కోళ్లకు ఈ ఈగ గుడ్ల నుంచి వచ్చే పురుగులనే పెంచి వేద్దామని ఆయన దగ్గర గుడ్లు కొన్నాను. గ్రాములో 30,000కు పైగా గుడ్లుంటాయి కాబట్టి మొదటి బేరం చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ట్రేలు, వలలు, షెడ్డు ఖర్చంతా ఆ గుడ్ల మీదే ఆధారపడుతుంది.

నా దగ్గర దొరికేది నల్గొండ బత్తాయి రసం బండ్ల పిప్పి, కూరగాయల మార్కెట్ చెత్త, మిల్లుల నుంచి కొద్దిగా తవుడు. కొనకముందే ఈ సంగతి ఆయనకు స్పష్టంగా చెప్పాను. "అన్నా, మా జాతికి మేతతో పనే లేదు" అన్నారు. పిల్ల పురుగులు నాలుగు రోజులకే గుడ్లలోంచి బాగానే బయటికొచ్చాయి గానీ, ఆ మేత మీద పెరగలేదు. సన్నగా, పాలిపోయి, పిప్పిలో ఊరిన నీటిని తప్పించుకోవడానికి ట్రే అంచుల మీదికి గుంపులుగా పాకుతూ ఉండిపోయాయి. అవే గుడ్లలో కొన్నింటిని విడిగా కోడిపిల్లల స్టార్టర్ దాణాలో వేస్తే రెండు వారాలకే బలంగా తయారయ్యాయి. దేవరకొండ మిత్రుడొకరు చాలా తరాలుగా మార్కెట్ చెత్త మీదే పెంచుకుంటున్న పురుగులను నా బత్తాయి మేతలోనే వేసి చూస్తే, అవి ఈ "మేలు జాతి" కంటే స్పష్టంగా ముందున్నాయి.

అందుకే ఆయనకు ఫోన్ చేసి, ఈ గుడ్లు పెట్టిన తరాన్ని ఏ మేత మీద పెంచారని మర్యాదగానే అడిగాను. ఏ తడబాటూ లేకుండా, "మేం మొదటి నుంచీ స్టార్టర్ దాణా మీదే పెంచుతం, వీడియోలో చూపించిందీ వాటినే. నీ బత్తాయి చెత్తకు మా పురుగు ఏం జేస్తది? పెంచుడు చేతకానోడివి కొనుడెందుకు?" అన్నారు. డబ్బు అందేదాకా అన్నా అని పిలిచిన మనిషి, ఆ మాట అనేసి ఫోన్ పెట్టేసి, సాయంత్రానికల్లా నన్ను గ్రూపులోంచి తీసేశారు. నష్టం కంటే ఎక్కువగా నన్ను మండించింది ఈ ఒక్క విషయమే. నేనేం మేత వేస్తానో ఆయనకు తెలుసు, తన జాతి ఏ మేతకు అలవాటు పడిందో కూడా తెలుసు. రెండూ తెలిసి అమ్మారు.

ఇది ఆయన దాచదగిన వ్యాపార రహస్యం కాదు, పురుగు స్వభావానికి సంబంధించిన మూల విషయం. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన బీఎస్‌ఎఫ్ జాతులను వేర్వేరు మేతల మీద పెంచి చూసిన పరిశోధనల్లో, ఒక మేత మీద ముందున్న జాతి మరో మేత మీద వెనకబడటం కనిపించింది. స్టార్టర్ దాణాలో సుమారు 20 శాతం మాంసకృత్తులుంటాయి, బత్తాయి పిప్పిలో ఎండు బరువు మీద లెక్కించినా పది శాతం కూడా ఉండవు. మంచి దాణా మీద తరతరాలుగా లావుపాటివే ఏరి పెంచితే, అవి ఆ దాణాకే తగినవవుతాయి తప్ప అన్ని మేతలకూ కాదు. పురుగులోని కొవ్వు, సున్నం (కాల్షియం) కూడా మేతను బట్టి చాలా మారతాయి కాబట్టి, ప్రకటనలో రాసిన పోషక విలువలు మన ట్రేలో పెరిగిన పురుగుకు వర్తిస్తాయన్న హామీ లేదు. పూర్తిగా ఎదిగిన ఈగకు తిండి లేకున్నా బతుకు సాగుతుంది. పురుగు దశలో కూడబెట్టుకున్న కొవ్వుతోనే గుడ్లు పెడుతుంది, అందువల్ల అరకొరగా పెరిగిన తరం నుంచి మనమే విత్తనం తీసుకుందామన్నా గుడ్లు తగ్గుతాయి. పైగా కొద్ది ఈగలతోనే మొదలుపెట్టిన మందలో దగ్గరి రక్తసంబంధం ఉన్నవే జతకట్టడం పెరిగి, కొన్ని తరాలకు మంద మొత్తం కూలిపోయే ప్రమాదం కూడా ఉంది.

కొనదలచినవారు తల్లితరం తిన్న మేత ఏమిటో, కొత్త ఈగలను మందలో ఎప్పుడు కలిపారో రాతపూర్వకంగా అడగండి. ఏడాది పొడవునా మీకు దొరికే మేత మీదనే, స్థానికంగా పెరుగుతున్న పురుగుల పక్కన, ఒక్క ట్రేలో పెంచి చూసుకున్నాకే మిగతా డబ్బు కట్టండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారుతో బేరం పెట్టుకోవద్దు.