మూడేళ్లుగా నా పాత హోండా సిటీ కారులో ఆయిల్ కూలర్

ముందే చెప్తున్నా, రోజూ ఆఫీసుకీ నెలకోసారి ఊరికీ తిరిగే కారైతే ఆయిల్ కూలర్ (ఇంజిన్ ఆయిల్‌ని చల్లార్చే చిన్న రేడియేటర్) జోలికి పోకండి, డబ్బు దండగ. నాది 2002 హోండా సిటీ వీటెక్, 1.5 ఇంజిన్. ఏడాదికి రెండు మూడుసార్లు హైదరాబాద్ నుంచి శ్రీపెరుంబుదూర్ దగ్గరి మద్రాస్ రేస్ ట్రాక్‌కి తీసుకెళ్తా. ఆ 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద ఐదో ల్యాప్ అయ్యేసరికి ఆయిల్ 135 డిగ్రీలకి పోయేది, డ్యాష్‌బోర్డులో నీళ్ల ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు మధ్యలోనే నిలబడి ఉండేది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ బోల్టు దగ్గర విడిగా ఆయిల్ గేజ్ పెట్టించుకున్నా కాబట్టి తెలిసింది. మీరూ ముందు గేజ్ పెట్టి ఆర్నెల్లు చూడండి, చాలామందికి కూలర్ ఖర్చు అక్కడే మిగిలిపోతుంది.

ఈ ఇంజిన్‌కి ఆయిల్ ఫిల్టర్ ఉండేది వెనక వైపున, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) కింద, చెయ్యి సరిగా పట్టని చోట. ఫిల్టర్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య, ఆయిల్‌ని కూలర్ వైపు మళ్లించే శాండ్‌విచ్ ప్లేట్ పెట్టి, అక్కడి నుంచి రెండు హోస్‌లు ముందుకి లాగి, బంపర్ లోపల ఏసీ కండెన్సర్‌కి ముందు 13 వరుసల కూలర్ బిగించాం. నేను చేసిన తెలివితక్కువ పని, నాలుగు డబ్బులు మిగుల్తాయని థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కేదాకా దాన్ని కూలర్‌కి పోనివ్వని వాల్వు) లేని ప్లేట్ కొనడం. డిసెంబర్‌లో తెల్లారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద నలభై కిలోమీటర్లు నడిపినా ఆయిల్ 70 దాటేది కాదు. ఒకరోజు ఆయిల్ మూత తీస్తే లోపల కవ్వానికి అంటిన వెన్నలా తెల్లగా, జిగటగా పేరుకుని ఉంది. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే కూలెంట్ చుక్క కూడా తగ్గలేదు, ఆయిల్ సరిగా వేడెక్కక అందులో చేరిన తేమ ఆవిరవ్వడం లేదు, అంతే. 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ప్లేట్ వేశాక మళ్లీ ఆ వెన్న కనబడలేదు.

ఆ ప్లేట్ మార్చిన రోజు ఇంకో కథ. "ఏం కాదన్నా, ఫుల్ టైట్ చేశా" అన్నాడు మెకానిక్. స్టార్ట్ చేసిన నిమిషానికి కారు కింద అన్నం పళ్లెమంత నల్ల మడుగు. విప్పి చూస్తే పాత రబ్బరు రింగు బ్లాక్‌కే అతుక్కుని ఉండిపోయింది, దాని మీదే కొత్తది బిగించేశాడు. ఇది ఇంటి ముందే బయటపడింది కాబట్టి సరిపోయింది, రోడ్డెక్కాక అయితే ఇంజిన్ దక్కేది కాదు. బ్లాక్ ముఖాన్ని వేలితో తడిమి చూసుకునేదాకా ప్లేట్ పెట్టనివ్వకండి. కూలర్‌ని ముందే ఆయిల్‌తో నింపి, ఇంజిన్ అందుకోకుండా ఫ్యూజ్ తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టడం కూడా మర్చిపోవద్దు.

రెండో ఏడు హోస్‌లతో ఇబ్బంది. స్టీల్ అల్లిక ఉన్న హోస్ తాను అరగదు, ఆకురాయిలా పక్కదాన్ని అరగదీస్తుంది. సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింది ఇనుప చట్రం) అంచున పెయింట్ పోయి ఇనుములో గాడి పడేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు జానెడు దూరానికొక రబ్బరు క్లాంపు ఉంది.

ఫలితం మాత్రం బాగుంది. అదే ట్రాక్, అన్నే ల్యాపులు, ఇప్పుడు 110 నుంచి 115 మధ్య ఆగుతోంది. ఊళ్లో తేడా ఏమీ లేదు. మే నెలలో సిగ్నల్ దగ్గర ఏసీ కాస్త డల్ అవుతుంది, దానికి కూలర్ అడ్డం ఉండటమే కారణమని నా అనుమానం. ఆయిల్ మార్చినప్పుడు కూలర్‌లో ఉన్నది దిగదు, కాబట్టి నేను కాస్త ముందే మారుస్తున్నా.

రాళ్లు తగిలి కూలర్ ఫిన్స్ (సన్నటి రేకులు) అక్కడక్కడా వంగాయి, ముందే జాలీ పెట్టాల్సింది. కూలర్ పక్క ఫిట్టింగ్ ఒకటి ఈమధ్య ఆయిల్ చెమరుస్తోంది, ఈసారి చెన్నై వెళ్లేలోపు దాన్ని విప్పి చూడాలి.