ఆరాధనలో ఏది వేసుకుందాం: తలీతా, మన తెల్లబట్టలా?

బెంగళూరు తెలుగు క్రైస్తవ సంఘాల్లో ప్రార్థన నడిపించే అన్నయ్యలు కొందరు ఈమధ్య భుజాల మీద తలీత్ వేసుకుంటున్నారు. దానికీ, మనకు అలవాటైన తెల్లబట్టలకూ, చెంగు ముసుగుకూ తేడా చూడాలి.

తలీత్ యూదుల ప్రార్థన శాలువా. సంఖ్యాకాండము 15:38-40 ప్రకారం దాని నాలుగు మూలలా కుచ్చులుంటాయి. వాటిని చూడగానే దేవుని ఆజ్ఞలన్నీ గుర్తుకు రావాలి. ఆ ఆజ్ఞలను యూదులు 613గా లెక్కిస్తారు. ముఖ్యంగా ఉదయం ప్రార్థనకు, ఆశీర్వచనం చెప్పి మరీ కప్పుకుంటారు. సువార్తల్లో రక్తస్రావం గల స్త్రీ ముట్టుకున్నది యేసు వస్త్రపు చెంగునే, అంటే అలాంటి కుచ్చునే కదా, యేసు మీద ప్రేమతోనే వేసుకుంటున్నాం అంటారు మనవాళ్లు. ఆ ప్రేమను నేను కాదనను. కానీ ఆజ్ఞల బాధ్యత తలకెత్తుకోకుండా స్టేజీ మీద దాన్ని వాడితే, క్రైస్తవ రాజ్యాల్లో శతాబ్దాలు హింసలు పడ్డ ఆ ప్రజల మనసు నొచ్చుకోదా? పైగా అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము పెద్దలు అన్యజనుల మీద, అంటే యూదులు కాని విశ్వాసుల మీద, మోషే ధర్మశాస్త్ర భారమంతా మోపలేదు.

తెల్లచీర, ముసుగు సంగతి తేలిక. తెల్లచీర మన అలవాటు; ముసుగు 1 కొరింథీయులకు 11 చదివి మన అమ్మలు పాటిస్తున్నదే. అన్నట్టు, పురుషుడు తల కప్పుకుని ప్రార్థించకూడదన్నదీ ఆ అధ్యాయమే. తలీత్‌ను తలమీదికి లాక్కునే బోధకులు అది మళ్లీ చదవాలి.

నా మట్టుకు నాకు మనవే చాలు. తలీత్ ఇప్పటికే కొనుక్కున్నవాళ్లు దాన్ని ఇంట్లో గౌరవంగా మడిచి దాచుకోండి.