మెరక చేయడమా, కట్ట పోయడమా, పైకి జరగడమా: తీరంలో ఫ్యాక్టరీకి ఏది మేలు?

కృష్ణా, గోదావరి డెల్టాల అంచున వంద ఎకరాలు చవగ్గా దొరికాయని ఎవరైనా చెబితే, ముందు అడగాల్సింది నీళ్లు ఎటు నుంచి వస్తాయని. అందరూ సముద్రం వైపే చూస్తారు. ఇక్కడ మాత్రం నీళ్లు మూడు దారుల్లో వస్తాయి: ఉప్పెన, ఎగువ నుంచి దిగే డ్రెయిన్, నెత్తిన పడే వాన. తుపాను రోజున మూడూ కలిసే వస్తాయి. సముద్రం లేచి ఉంటే మొగ దగ్గర డ్రెయిన్ నీళ్లు దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. పౌర్ణమి, అమావాస్యల పోటు కూడా కలిసిందంటే చెప్పక్కర్లేదు.

ఉప్పెన కూడా తీరమంతా ఒకే ఎత్తున రాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది దాదాపు 5 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను గాలితో చితకబాదింది గానీ, అక్కడ ఉప్పెన ఒకటిన్నర మీటరు దాటలేదు. విశాఖ దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది. నిజాంపట్నం, బందరు వైపు చాలా దూరం దాకా లోతు తక్కువ కాబట్టి గాలి నెట్టుకొచ్చిన నీరు ఒడ్డు దగ్గర పోగుపడుతుంది. విశాఖ అనుభవంతో బందరులో లెక్కలేస్తే మునుగుతాం.

ఇక కన్సల్టెంట్ రిపోర్టులో ‘నూరేళ్లకోసారి వచ్చే వరద’ అని ఉంటుంది. ఏటా నూటికి ఒక వంతు అవకాశం అని దాని అర్థం. 30 ఏళ్లు నడవాల్సిన ఫ్యాక్టరీకి ఆ వరద ఒక్కసారైనా తగిలే అవకాశం 26 శాతం. నాలుగింట ఒక వంతు అన్నమాట. ఇది తెలిశాక మూడు దారులనూ చూద్దాం.

మొదటిది మట్టి తోలించి మెరక చేయడం. దీని పెద్ద సుగుణం, ఒకసారి చేశాక ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. కరెంటు పోయినా, రాత్రి రెండింటికి సిబ్బంది అంతా నిద్రలో ఉన్నా ఎత్తు ఎత్తుగానే ఉంటుంది. కానీ వంద ఎకరాలను 2 మీటర్లు లేపాలంటే 8 లక్షల క్యూబిక్ మీటర్ల మట్టి కావాలి. 10 క్యూబిక్ మీటర్లు పట్టే టిప్పర్‌తో 80 వేల ట్రిప్పులు. రోజుకు 200 ట్రిప్పులు తోలినా ఏడాది దాటుతుంది. రోలర్ తొక్కాక మట్టి అణుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. అడుగున ఉన్నది మెత్తటి సముద్రపు బంకమట్టి. బరువు పడ్డాక అది ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, ఒక్కో చోట ఒక్కోలా. రోడ్లు వంగుతాయి, పైపుల జాయింట్లు విడతాయి. అన్నిటికంటే పెద్ద తలనొప్పి పక్క ఊరితో. నిన్నటిదాకా మీ పల్లంలో నిలిచిన నీళ్లు ఇప్పుడు వాళ్ల చేలోకి, రొయ్యల చెరువుల్లోకి పోతాయి. వాళ్లు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు.

రెండోది చుట్టూ కట్ట పోయడం. ఖర్చు తక్కువ, అందుకే అందరికీ నచ్చుతుంది. నాకు మాత్రం నమ్మకం తక్కువ. కట్ట కట్టగానే స్థలం గిన్నె అవుతుంది. ఒక్క రోజులో 20 సెంటీమీటర్ల వాన పడితే వంద ఎకరాల్లో 8 కోట్ల లీటర్లు నిలుస్తాయి. వాటిని ఒక రోజులో తోడాలంటే సెకనుకు వెయ్యి లీటర్లకు దగ్గరగా తోడే పంపులు కావాలి, అదీ స్తంభాలు కూలి కరెంటు లేని రోజున. 2011లో థాయ్‌లాండ్‌లోని అయుత్తయ ప్రాంతంలో నది వరద కట్టలు దాటి పారిశ్రామిక వాడల్లోకి వచ్చి వారాల తరబడి నిలిచిపోయింది. అక్కడి హోండా కార్ల ఫ్యాక్టరీ మళ్లీ మొదలయ్యేసరికి 2012 మార్చి చివరికొచ్చింది. అది వట్టి నది వరద. మన దగ్గర అలలు కూడా కట్టను కొరుకుతాయి. అలలకు అడ్డంగా ఏది వేసినా ఏమవుతుందో, కాకినాడ దగ్గర అలలు కోసేస్తున్న ఉప్పాడ బీచ్ రోడ్డు మీద వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు.

మూడోది పైకి జరగడం. వెనక్కి అనలేదు. డెల్టాలో పది కిలోమీటర్లు వెనక్కి వెళ్లినా నేల ఎత్తు పెద్దగా మారదు. 1977లో సముద్రం అంత దూరమూ వచ్చింది. చూడాల్సింది దూరం కాదు, లెవెల్. సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి నిబంధనలు) క్లియరెన్సును నమ్ముకునేవాళ్లకు ఒక మాట: నిర్మాణాలకు అందులోని హద్దులు పోటు గీత, అంటే పోటు నీళ్లు చేరే హద్దు, నుంచి కొలిచే దూరాలే. 2019 నోటిఫికేషన్‌లో సముద్రం ముప్పు ఎంత దాకా ఉందో చూపే ముప్పు గీత ఉంది గానీ, అది విపత్తు ప్రణాళికలకే. అనుమతి వచ్చినంత మాత్రాన మునగదని కాదు.

ఎత్తు ఎంత పని చేస్తుందో జపాన్ చూపించింది. ఫుకుషిమాలో 35 మీటర్ల గట్టును 10 మీటర్లకు చెక్కి అణు ప్లాంటు కట్టారు. ఒనగావాలో దాదాపు 15 మీటర్ల ఎత్తున కట్టారు. 2011 సునామీలో ఫుకుషిమా మునిగింది, ఒనగావా నిలిచింది.

నా లెక్క ఇది. జెట్టీతో (ఓడలు ఆగే రేవు కట్టడంతో) పని లేని పరిశ్రమ అయితే డెల్టా అంచును వదిలేసి ఎత్తుగా ఉండే ఎర్రనేలల వైపు వెళ్లాలి. లారీ కిరాయి పెరిగినా సరే. జెట్టీ తప్పదంటే వంద ఎకరాలూ లేపొద్దు. పదెకరాలను 4 మీటర్లు లేపితే 16 వేల ట్రిప్పులతో సరిపోతుంది. దివిసీమ లాంటి ఉప్పెన ఖాయంగా తగిలే చోట అదీ చాలదు, స్తంభాల మీద ఇంకా పైకి కట్టాలి. సబ్‌స్టేషన్, జనరేటర్లు, కంట్రోల్ రూం, చల్లగా ఉంచాల్సిన రసాయనాలు అక్కడికే చేరాలి. 2017లో అమెరికాలో హార్వీ తుపానుకు క్రాస్బీలోని రసాయనాల ఫ్యాక్టరీలో జనరేటర్లు మునిగి, కూలింగ్ ఆగి, పెరాక్సైడ్లు తగలబడ్డాయి. మిగతా స్థలం మునిగితే మునగనివ్వండి, కడుక్కోవచ్చు. డ్రెయిన్ దారికి మాత్రం అడ్డం పడొద్దు.

పల్లంలో మిగిలే ట్యాంకుల సంగతి మాత్రం మర్చిపోకూడదు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు వరదలో తేలుతుంది. 2005లో కట్రినా అప్పుడు లూసియానాలోని ఒక రిఫైనరీలో ట్యాంకు అలాగే పునాది మీంచి జరిగి, ముడి చమురు ఇళ్లలోకి పోయింది. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకుల్లో ఎంత మట్టం దాకా నింపాలో ముందే లెక్క తేల్చి పెట్టుకోవాలి. స్థలం చూడ్డానికి మే నెలలో వెళ్లొద్దు. నవంబరులో, వాన పడ్డ మర్నాడు, పోటు వేళ వెళ్లి డ్రెయిన్ మొగ దగ్గర నీళ్లు ఎటు కదులుతున్నాయో చూడండి.