హోబర్ట్ రెండు రాత్రుల ప్యాకేజీ: ఊరికి ఐదు, ప్యాకేజీకి రెండు

ముందే చెప్పేస్తున్నా. ఐదుకి లెక్కేస్తే ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మానియా ద్వీపంలో ఉన్న హోబర్ట్‌కి ఐదూ ఇస్తాను, ఆ ఊరికి వెళ్ళడానికి నేను కొన్న ఫ్లైట్ ప్లస్ హోటల్ ప్లస్ కారు ప్యాకేజీకి మాత్రం రెండే, అందులోనూ ఒకటి హోటల్ పరుపుకి. సైట్ పేరు రాయను, విమానం పేరు కూడా రాయను. ఎవరిదైనా ఇదే వరస అని మా ఆఫీసులో ముగ్గురు చెప్పారు.

మేం ఉండేది మెల్‌బోర్న్‌లో, టార్నీట్. నేను, మా ఆయన, ఆరేళ్ళ పాప, విజిట్ వీసా మీద ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తయ్య. ఆవిడ వచ్చి మూడు నెలలైంది, చూసిందల్లా గుడి, ఇండియన్ కిరాణా కొట్టు, మా వీధి చివర పార్కు. గ్రేట్ ఓషన్ రోడ్ తీసుకెళ్తే మలుపులకి వాంతులు చేసుకుని సగం దారిలో వెనక్కి తిప్పించింది. అందుకని ఈసారి కారులో ఎక్కువసేపు కూర్చోకుండా, శుక్రవారం సాయంత్రం ఎక్కి ఆదివారం రాత్రికి ఇంట్లో ఉండేలా ఎక్కడికైనా వెళ్దాం అనుకున్నాం.

సిడ్నీ అనుకుంటే ఎయిర్‌పోర్టు నుంచి రైలుకి మామూలు టికెట్ కాక స్టేషన్ ఫీజు విడిగా కట్టాలి, నలుగురికి కలిపితే టాక్సీయే నయం, పైగా అత్తయ్య అక్కడ మా చిన్నాన్న గారింట్లో ఎలాగూ వారం ఉండబోతోంది. అడిలైడ్ నాకిష్టం, విమానాశ్రయం నుంచి సిటీ ఆరేడు కిలోమీటర్లే, కానీ ఇదివరకు రెండుసార్లు చూశాం. గోల్డ్‌కోస్ట్ అంటే పాపకి పండగ, అత్తయ్యకి శిక్ష. హోబర్ట్ అయితే గంటా పావు ప్రయాణం, ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి ఇరవై నిమిషాలు, కొండ, నది, సంత అన్నీ దగ్గర్లో. మార్చిలో లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి చూస్తే టికెట్లు మండిపోతున్నాయి, సరిగ్గా తర్వాతి వారానికి జరిపితే దాదాపు సగం. ఈ ఒక్క విషయంలో నా తెలివికి నేనే శభాష్ అనుకున్నా.

తెలివి అక్కడితో అయిపోయింది. సైట్‌లో ప్యాకేజీ నలుగురికీ కలిపి 980 డాలర్లు అని చూపించింది. విడివిడిగా కొంటే ఎంతవుతుందో చూడలేదు, అదే తప్పు. పాప పక్కన కూర్చోవాలంటే సీట్లకి డబ్బు, బుకింగ్ ఫీజు, కారులో పాపకి బూస్టర్ సీటు, హోటల్లో పార్కింగ్, ఇలా ఒక్కో పేజీ దాటే కొద్దీ పెరుగుతూ చివరికి 1,240 దగ్గర ఆగింది. అయినా ఆ డబ్బు గురించి నేను పెద్దగా బాధపడట్లేదు. రెండు రోజుల ట్రిప్‌లో అసలు ఖరీదు గంటలది. నిద్ర తీసేస్తే ఊళ్ళో మాకు దొరికేది ముప్పై గంటలు కూడా కాదు, అందులో ఈ ప్యాకేజీ పుణ్యమా అని ఎన్ని పోయాయో వినండి.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మెసేజ్ వచ్చింది. సాయంత్రం 6:40 విమానం రాత్రి 9:15కి మారింది, క్షమించండి, అంతే. సరే, ఈ విమానం వద్దు, ఇంకేదైనా ముందుది ఉంటే మార్చండి అని ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే మీరు సైట్ ద్వారా కొన్నారు కాబట్టి సైట్ వాళ్ళనే అడగాలి అన్నారు. సైట్ చాట్‌లో అడిగితే షెడ్యూల్ మార్పు ఎయిర్‌లైన్‌ది కాబట్టి వాళ్ళనే అడగాలి అన్నారు. అటు నలభై నిమిషాలు, ఇటు నలభై నిమిషాలు. యూరప్‌లోలా ఇన్ని గంటలు లేటైతే ఇంత పరిహారం అని లెక్క కట్టిన చట్టం ఇక్కడ లేదు, మన ఓపికే మన పరిహారం. ఇదే టికెట్ ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో కొని ఉంటే కనీసం ఒక్కరితోనే పోట్లాడేదాన్ని. రెండు రోజుల ట్రిప్‌కి మధ్యలో మూడో మనిషిని పెట్టుకోకండి, వాడిచ్చే నలభై యాభై డాలర్ల తగ్గింపు మొదటి ఫోన్ కాల్‌కే ఆవిరైపోతుంది.

టార్నీట్ నుంచి కారులో వెళ్ళి లాంగ్ టర్మ్ పార్కింగ్‌లో పెట్టాం. ఇది ముందే ఆన్‌లైన్లో బుక్ చేయాలి, గేటు దగ్గరకెళ్ళి టికెట్ తీసుకుంటే జేబు గుల్ల. తుల్లమరీన్‌కి, అంటే మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టుకి, రైలు లేదు కదా, ఒంటరిగా వెళ్ళేవాళ్ళయితే సిటీలో సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి స్కైబస్ అనే ఎయిర్‌పోర్టు బస్సు హాయి. ఇంకా తక్కువలో పోవాలంటే బ్రాడ్‌మెడోస్ స్టేషన్ నుంచి 901 బస్సు ఉంది, ఊళ్ళో బస్సులకీ రైళ్ళకీ వాడే మామూలు మైకీ కార్డుతోనే. కాకపోతే ఆగుతూ ఆగుతూ వెళ్తుంది.

లోపలికెళ్ళాక అత్తయ్యకి మొదటి ఆశ్చర్యం. పాస్‌పోర్ట్ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. ఎవరూ అడగలేదు. విజయవాడలో ఎక్కేటప్పుడు గుమ్మం దగ్గరే టికెట్టూ ఆధార్ కార్డూ చూపిస్తేగానీ అడుగు పెట్టనివ్వరుగా! ఇక్కడ డొమెస్టిక్‌లో ఫోన్‌లో బోర్డింగ్ పాస్ చూపించి ఎక్కేశాం, మంచినీళ్ళ సీసా కూడా పారబోయక్కర్లేదు, 100 మిల్లీలీటర్ల గొడవ అంతర్జాతీయ విమానాలకే. పంపించడానికి వచ్చినవాళ్ళు కూడా సెక్యూరిటీ దాటి గేటు దాకా వస్తున్నారు. "ఇదేంటమ్మాయ్, మన ఆర్టీసీ బస్టాండులా ఉందే" అంది.

బస్టాండులో తూకం ఉండదు, ఇక్కడ ఉంది. మేం డబ్బు కట్టి బ్యాగులు వేయలేదు, మనిషికి ఏడు కిలోల క్యాబిన్ బ్యాగే. ఆ ఏడు కిలోలు అంటే పెద్ద బ్యాగూ చేతి సంచీ కలిపి, ఇది చాలామంది గమనించరు. గేటు దగ్గర ఒకమ్మాయి వరసగా అందరివీ త్రాసు మీద పెట్టిస్తోంది. అత్తయ్యది 8.6 వచ్చింది. కట్టమంటే 75 డాలర్లు, ఆవిడ టికెట్టే 59. బ్యాగు తెరిస్తే పైనే స్టీలు డబ్బా, నిండా పులిహోర, కింద నిమ్మకాయ పచ్చడి సీసా. త్రాసుకి పక్కకి జరిగి, కార్పెట్ మీద కూర్చుని, నలుగురం పులిహోర తిన్నాం. పక్కన నిలబడ్డ ఇద్దరు పంజాబీ కుర్రాళ్ళకి కూడా పెట్టాం. ఖాళీ డబ్బా నా బ్యాగులోకి, అత్తయ్య స్వెట్టరూ శాలువా ఒంటి మీదకి. మళ్ళీ తూచితే 6.9. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక ట్యాగ్ కట్టింది. ఆలస్యం వల్ల ఒరిగిన ఏకైక లాభం ఏంటంటే తినడానికి బోలెడు టైం ఉంది.

హోబర్ట్‌లో మెట్ల మీదుగా దిగి రన్‌వే పక్కన నడిచి లోపలికి వెళ్ళాలి, మార్చిలోనే ఈదురు గాలి చెవులు కోసేసింది. లోపల అడుగు పెట్టగానే ఒక చిన్న కుక్క, దానితో ఆఫీసరు. దేశంలోపలి విమానమే కదా అనుకోవద్దు, టాస్మానియాలోకి పళ్ళు, కూరగాయలు, మొక్కలు తీసుకెళ్ళనివ్వరు, పండు ఈగ, తెగుళ్ళు అక్కడికి చేరకుండా కాపలా. ఇది నాకు తెలుసు, పాప యాపిల్ ముందే తినిపించేశాను. కుక్క వచ్చి అత్తయ్య చేతిసంచి పక్కన బుద్ధిగా కూర్చుంది. అది కూర్చుందంటే ఏదో ఉన్నట్టే. సంచిలో చీర మడతల మధ్య తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు! మా పెరట్లో కుండీలోది. మా ఊరి అమ్మాయి ఒకత్తి అక్కడ యూనివర్సిటీలో చదువుతోంది, దానికి దొరకదని పాపం అత్తయ్య గుప్పెడు రెమ్మలు కోసి నాకు చెప్పకుండా తెచ్చింది. ఆఫీసరు చాలా మర్యాదగా ఇది లోపలికి పోదు అని బిన్‌లో వేయించాడు, జరిమానా అదీ ఏమీ వేయలేదు. పచ్చడి సీసా చూసి, వాసన చూసి, వెళ్ళండి అన్నాడు. "కుక్కకి కరివేపాకు వాసన ఎలా తెలిసిందే" అని రాత్రంతా అదే మాట.

అప్పటికి టైం పదకొండు. కారు అద్దె కౌంటర్ మూసేశారు. విమానం మారిందని వాళ్ళకి చెప్పాల్సింది ఎవరు? ప్యాకేజీ అమ్మినవాళ్ళు. చెప్పలేదు. తలుపు మీద అతికించిన కాగితం మీద నంబరుకి చేస్తే రేపు ఎనిమిదింటికి రండి అని రికార్డు మాట. టాక్సీ చేసుకుని వెళ్ళాం, అది ఇంకో అరవై చిల్లర.

దారిలో టాస్మాన్ బ్రిడ్జి దాటుతుంటే డ్రైవర్ పెద్దాయన ఆ కథ చెప్పాడు. 1975 జనవరి 5 రాత్రి ఒక ఓడ స్తంభాలకి గుద్దుకుని వంతెన కూలిపోయింది, పన్నెండు మంది పోయారు, రెండు కార్లు అంచున వేలాడుతూ ఆగాయి, ఆ ఓడ ఇంకా నది అడుగునే ఉంది. ఇప్పటికీ పెద్ద ఓడ కింద నుంచి వెళ్తుంటే పైన ట్రాఫిక్ ఆపేస్తారట. అర్ధరాత్రి వంతెన మధ్యలో చెప్పాల్సిన కథేనా అది?

హోటల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. శుభ్రంగా ఉంది, పరుపు బాగుంది, కెటిల్ ఉంది, కిటికీ గోడకి తెరుచుకుంటుంది.

శనివారం పొద్దున మా ఆయన బస్సులో ఎయిర్‌పోర్టుకి పోయి కారు తెచ్చేసరికి పది దాటింది. నేను ఎదురుచూడకుండా అత్తయ్యనీ పాపనీ తీసుకుని నడుచుకుంటూ సలమాంకా మార్కెట్‌కి వెళ్ళిపోయా. శనివారం శనివారం పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా, 1972 నుంచి జరుగుతున్న సంత, రేవు పక్కన 1830ల నాటి రాతి గోదాముల ముందు. హోబర్ట్ ట్రిప్‌లో శనివారం లేకపోతే వెళ్ళడం దండగ అని నా అభిప్రాయం. అత్తయ్య వరసగా ప్రతి తేనె దుకాణం దగ్గరా ఆగి చిన్న చెక్క పుల్లతో రుచి చూసింది. అక్కడి అడవుల్లోనే ఉండే లెదర్‌వుడ్ చెట్టు పూల తేనె ఒకటుంది, ఘాటుగా, సెంటు కలిపినట్టు. నాకు మొదటి చుక్క నచ్చలేదు, మూడో చుక్కకి రెండు సీసాలు కొన్నాను. అత్తయ్య మాత్రం "ఇది దగ్గుకి వేసుకునే తేనె, దోసెల్లోకి కాదు" అని తేల్చేసింది. తర్వాత వచ్చి కలిసిన మా ఆయన కర్రీ స్కాలప్ పై తిన్నాడు, అంటే ఒకరకం సముద్రపు గుల్లల మాంసం కూర లోపల పెట్టి కాల్చినది, అక్కడ పేరున్న తిండి, ఆ కర్రీ మన కర్రీ కాదు కానీ వేడివేడిగా చలికి బాగుందట. శాకాహారులకి గొజ్లెమే అని టర్కీ వాళ్ళ వంటకం దొరుకుతుంది, పాలకూర చీజ్ పెట్టి కాల్చిన రొట్టె.

మధ్యాహ్నం కునాన్యి, అంటే మౌంట్ వెల్లింగ్టన్. 1,271 మీటర్లు, ఊళ్ళోంచి అరగంటలో శిఖరం దాకా కారు పోతుంది, 1937లో తెరిచిన రోడ్డు. కింద పాప చొక్కా మీదుంది, పైన కారు తలుపు గాలికి తెరుచుకోలేదు. అత్తయ్య చీర, బూట్లు, మంకీ క్యాప్, దాని మీద మా ఆయన జాకెట్, ఈ అవతారంలో రెయిలింగ్ పట్టుకుని పది నిమిషాలు నిలబడింది, కింద డెర్వెంట్ నది, ఊరు, ద్వీపాలు అన్నీ పటం పరిచినట్టు. గాలి తట్టుకోలేనివాళ్ళకి అద్దాల షెల్టర్ ఉంది. బయల్దేరేముందు రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోండి, మంచు పడితే మూసేస్తారు. చీకటి పడేలోపు దిగిపోండి కూడా, మునిమాపువేళ వాలబీలు, అంటే చిన్న కంగారూల్లాంటివి, దభాలున రోడ్డు మీదకొస్తాయి, దారి పక్కన చచ్చిపడినవి లెక్కపెట్టడం పాప మానలేదు.

ఆదివారం మోనా. 2011లో తెరిచిన మ్యూజియం, పందేల్లో డబ్బు గడించిన డేవిడ్ వాల్ష్ అనే ఆయన కట్టించాడు. కారులో వెళ్ళొచ్చు కానీ బ్రూక్ స్ట్రీట్ పియర్ నుంచి ఫెర్రీలోనే వెళ్ళండి, పాతిక నిమిషాలు, కూర్చోవడానికి గొర్రె బొమ్మలు కూడా ఉంటాయి, పాప దిగనంది. రేవు నుంచి పైకి 99 మెట్లు, అత్తయ్య మోకాళ్ళ కోసం నాలుగుసార్లు ఆగాం, మీ వెంట పెద్దవాళ్ళుంటే ముందే కనుక్కోండి. మ్యూజియం అంతా రాతి కొండని తొలిచి భూమిలోపల. మామూలుగా మంగళ, బుధవారాలు మూత, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి టికెట్ లేదు. పిల్లలకి చూపించకూడని గదులున్నాయి, బోర్డులు చదువుకుంటూ వెళ్ళాలి. మనిషి పొట్టలాగా తిండి పెడితే అరిగించి చివరికి విసర్జించే యంత్రం ఒకటుంది, ఆ గది వాసన నేను వర్ణించను. అత్తయ్య ముక్కు మూసుకుని "దీనికి టికెట్టా?" అంది, తర్వాత బయట పచ్చికలో కూర్చుని, అక్కడ చూసినవాటిలో దాని గురించే ఒంగోలు ఫోన్ చేసి వదినకి పావుగంట చెప్పింది.

మా ఊరి అమ్మాయి సాయంత్రం రేవు దగ్గరికొచ్చింది. పచ్చడి సీసా ఇచ్చాం, కరివేపాకు కథ చెప్పాం, నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తెచ్చుకుంది.

తిరుగు విమానం టైంకే వచ్చింది, న్యాయంగా అదీ చెప్పాలి. కారు అప్పగించేటప్పుడు మాత్రం బంపర్ మీద గీత ఉందన్నారు. తీసుకునేటప్పుడే మా ఆయన చుట్టూ తిరిగి వీడియో తీశాడు, అందులో ఆ గీత ఉంది, చూపించాం, సరే అన్నారు. 300 డాలర్ల డిపాజిట్ మూడు నుంచి ఐదు పని రోజుల్లో వస్తుందన్నారు. ఇవ్వాళ్టికి పదహారో రోజు. కారు కంపెనీని అడిగితే ప్యాకేజీ సైట్‌ని అడగమన్నారు, సైట్ చాట్‌లో నా ముందు ఇంకా 41 మంది ఉన్నారు.